పైగదిలో పళ్ళెం

ఆ ఏడాది వానలు మొదలైన రోజునే అమ్మ మొదటిసారి నన్ను అక్క అనుకుంది.

సాయంత్రం నడకకి వెళ్ళి, చినుకులు పడుతుంటే సగంలోనే వెనక్కి తిరిగాను. కింద కొట్టు, కొట్టు పక్కనుంచి పదిహేను చెక్కమెట్లు, మెట్ల పైన వంటిల్లు, అమ్మానాన్నల గది, ఇంకొన్ని మెట్లెక్కితే ఆ పైన నేను పడుకునే చిన్న గది. మా ఇల్లంతా అంతే. చెప్పులు కిందే విప్పేసి తడికాళ్ళతో మెట్లెక్కుతున్నాను. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"పాపా, వచ్చావా? ముందు తల తుడుచుకో, జలుబు చేస్తుంది."

అక్కడే ఆగిపోయాను. మా ఇంట్లో పాప అంటే అక్క. అక్క పోయి అప్పటికి పద్నాలుగేళ్ళు.

ఆ మెట్లు ఇన్నాళ్ళూ నా అడుగు పడితే చాలు మూలిగేవి. నేను వస్తున్నానని అమ్మకే కాదు, పక్కింటివాళ్ళక్కూడా తెలిసిపోయేది. ఆ రోజు ఒక్క మెట్టూ నోరెత్తలేదు. ఎక్కుతున్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చేంత మెత్తగా ఎక్కాను.

గుమ్మంలో నన్ను చూసి అమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. "నువ్వా," అంది. తువ్వాలు నా చేతిలో పెట్టి మళ్ళీ పొయ్యి వైపు తిరిగిపోయింది.

నన్ను ఇంట్లో బుల్లి అంటారు. పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నానని పెట్టిన పేరు. ఆ ముందటి చలికాలానికి ఈ బుల్లి తొంభై నాలుగు కిలోలు. ముప్ఫై ఎనిమిదేళ్ళకే మోకాళ్ళు పట్టేసేవి. రక్తంలో చక్కెర గీత దాటబోతోందని ఆసుపత్రిలో చెప్పారు. అంతకుముందూ తగ్గాను. ఓసారి ఇరవై రోజులు పళ్ళు తిని, ఓసారి నెల్లాళ్ళు సూపు తాగి. ఎనిమిది కిలోలు పోతే పదకొండు వచ్చాయి.

ఆసుపత్రిలో బరువు చూసే నర్సమ్మ నా చిట్టా విని నవ్వింది. "పదేళ్ళ తర్వాత కూడా విసుగు లేకుండా ఏం చెయ్యగలవో అది చెప్పు. అదొక్కటే చేద్దాం," అంది.

బాగా ఆలోచించి, టీలో పంచదార మానేస్తానన్నాను. నెల తర్వాత రోజూ అరగంట నడక మొదలుపెట్టాను. ఇంకో నెలకి పళ్ళెంలో సగం కూరలు పెట్టుకోవడం, రెండోసారి వడ్డించుకోకపోవడం. పెద్ద చెప్పుకోదగ్గవేం కావు. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి ఇరవై ఒక్క కిలోలు తగ్గాను. కుట్టుపని నాదే కాబట్టి నా బట్టలకి నేనే సైడ్లు లోపలికి పట్టి బిగించుకునేదాన్ని. మూడుసార్లు పట్టాక, ఇంకా పడితే కోత చెడిపోతుందని కొత్తవి కుట్టుకున్నాను.

అప్పటిదాకా ఒంటి సంగతే చూసుకున్నాను, మొహం సంగతి గమనించలేదు. బుగ్గలు దిగి, గడ్డం తేలి, కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కింద ఇంకో మొహం ఉందని, అది నాకు బాగా తెలిసిన మొహమేనని వానలు మొదలయ్యాకే తెలిసింది.

మా కొట్లో ఒక పక్క నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ఇంకో పక్క నా మిషను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని కాజాలు, గుండీలు కుడుతుంది. వాన పట్టిన రెండో వారంలో మా ఇద్దరికీ చిన్నప్పుడు చదువు చెప్పిన పంతులమ్మగారు జిప్పు ఊడిన రెయిన్‌కోటు పట్టుకుని వచ్చింది. రిటైరయ్యాక ఊరి అవతల కొడుకు దగ్గర ఉంటోంది, ఎప్పుడో గానీ ఇటు రాదు, అక్క సంగతి తెలిసినట్టు లేదు. కళ్ళజోడు తుడుచుకుని నా వైపు చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"ఏమే పెద్దమ్మాయ్! ఎప్పుడొచ్చావు? నిన్ను చూసి ఎన్నేళ్ళయిందే!"

నేను నోరు తెరిచేలోపు మళ్ళీ అడిగింది. "మీ చెల్లేదీ? ఆ బొద్దుపిల్ల?"

అమ్మ కాజా మీంచి తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

"పైన ఉందండీ. పడుకుంది."

నా మిషను ఆగిపోయింది. నాన్న చేతిలోంచి సన్న స్క్రూ ఒకటి జారి నేలమీద టిక్కుమంది. అమ్మ దారం పంటితో కొరికి, సూదిలో కొత్త దారం ఎక్కించుకుంటోంది. పంతులమ్మగారు పిల్లని లేపొద్దులే అని చెప్పి, రెయిన్‌కోటు ఇచ్చి వెళ్ళిపోయింది.

చెబితే నవ్వుతారు గానీ, ఆ మధ్యాహ్నం నేను పైగదికి వెళ్ళి నా మంచం చూసుకున్నాను.

మంచం మీద ఎవరూ లేరు. పరుపులో మాత్రం నా పాత ఒళ్ళు ఏళ్ళతరబడి పడుకున్న గుంట అలాగే ఉంది. ఇప్పుడు నేను పడుకుంటే ఆ గుంటకి అటూ ఇటూ జానెడు ఖాళీ మిగులుతుంది. మంచం పక్కన స్టూలు మీద మూతపెట్టిన పళ్ళెం ఉంది. మూత తీశాను. కుప్పగా అన్నం, దాని మీద గిన్నెడు కూర, పక్కన రెండు గుడ్లు, అంచున ఒక తీపి ముక్క. ఒకప్పుడు నేను తిన్నంత, సరిగ్గా అంతే. ఇంకా వేడిగా ఉంది.

మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆ పైమెట్లు ఎక్కి నాలుగేళ్ళయింది.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం ఆ పళ్ళెం అక్కడ ఉండేది. సాయంత్రం దాన్ని నాన్న ఎవరికీ తెలియకుండా తీసేసేవాడు.

విచిత్రం ఏమిటంటే, అమ్మని అంత సంతోషంగా నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. కూనిరాగాలు తీసేది. నా జడ తనే వేస్తానని కూర్చోబెట్టేది. భోజనం దగ్గర నన్ను వేధించడం మానేసింది. అక్క పోయినప్పటినుంచీ నేను తింటూ ఉంటే చాలు, బతికి ఉన్నట్టే అన్నది అమ్మ నమ్మకం. "ఇంకొక్క ముద్ద" అంటూ గరిటె పట్టుకుని నా వెనకే నిలబడేది. ఇప్పుడు నేను చాలంటే, "నీకెప్పుడూ పిట్ట తిండే కదా" అని మురిసిపోయేది. పిట్ట తిండి అక్కది. నర్సమ్మ ఇచ్చిన ధైర్యంకన్నా ఇంట్లో ఈ వెసులుబాటే నాకు ఎక్కువ సాయం చేసింది. అది తల్చుకుంటే ఒళ్ళు జలదరించేది. ఏ ఇంట్లోనైనా నాలాంటిదానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎవరూ బలవంతం చెయ్యడం లేదు, ఎవరూ వెక్కిరించడం లేదు. నేనే లేను, అంతే.

ఒకరోజు కొట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలోంచి బూడిదరంగు గౌను ఒకటి తీసుకొచ్చింది. "వేసుకో పాపా, ఎన్నాళ్ళయిందో నువ్విది వేసుకుని," అంది.

వద్దనే ధైర్యం లేకపోయింది. నడుము, ఛాతీ సరిపోతే పెద్దగా ఆశ్చర్యపోయేదాన్ని కాదు, కొలతలు దగ్గరికి వచ్చాయని నాకు తెలుసు. కానీ భుజం కొలత ఒంటిది కాదు, ఎముకది. లావైనా సన్నబడినా అది మారదు. అక్క భుజాలు నాకన్నా సన్నవని చిన్నప్పటినుంచీ అందరూ అనే మాట. గౌను తల మీంచి దించుకున్నాను. భుజం కుట్టు నా భుజం ఎముక మీద సరిగ్గా కూర్చుంది, నేనే కొలత తీసి కుట్టినట్టు.

నాన్న అప్పుడే లోపలికి వచ్చాడు. కంటికి బిగించుకున్న భూతద్దం తీసి నా వైపు చూశాడు. మళ్ళీ బిగించుకుని, బల్ల మీద ఏమీ లేకపోయినా వంగి కూర్చున్నాడు.

మర్నాడు మెట్ల కింద నన్ను ఆపాడు.

"బుల్లీ, ఓ మాట చెప్తే కోప్పడవుగా?"

"చెప్పు నాన్నా."

"ఆ పళ్ళెం నువ్వు తినెయ్యి."

నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"నీ ఆరోగ్యం నాకు తెలియదా? తెలుసు. కానీ నువ్వు మళ్ళీ నీలా అయితే మీ అమ్మ మామూలు మనిషి అవుతుందేమో. రాత్రి నన్ను అడిగింది, బుల్లి ఎందుకు కిందికి రావట్లేదండీ, మన మీద అలిగిందా అని. ఏం చెప్పను?" పక్క గోడకి చెయ్యి ఆనించాడు. "ఒక కూతురు లేదని దానికి ఒకసారి చెప్పాను. మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదే."

నాన్న నన్ను అడిగింది అదొక్కటే, జీవితం మొత్తమ్మీద. తిన్నాను.

తొమ్మిది రోజులు తిన్నాను. మధ్యాహ్నం పైకి వెళ్ళి, ఆ గుంటలో కూర్చుని, పళ్ళెం ఖాళీ చేసేదాన్ని. మొదటి రోజు సగానికే కడుపు నిండింది. నాలుగో రోజుకి అలవాటైపోయింది. ఆరో రోజుకి పదకొండు గంటలనుంచే పళ్ళెం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. వాన వంకతో నడక మానేశాను. టీలో పంచదార ఎలా వచ్చి చేరిందో నాకే తెలియదు.

తొమ్మిదో రోజు నేను, అమ్మ వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని కూరలు తరుగుతున్నాం. ఖాళీ పళ్ళెం పక్కనే ఉంది. అమ్మ దాన్ని చూసి మురిసిపోతూ, "మీ చెల్లి మళ్ళీ బాగా తింటోందే పాపా," అంది. అంతలో కత్తి ఆపి తల పక్కకి వంచింది. "వినపడుతోందా? మెట్లు మూలుగుతున్నాయి. లేచినట్టుంది."

నేనూ చెవి ఒగ్గాను. చూరు నీళ్ళ చప్పుడు తప్ప నాకేం వినపడలేదు. కానీ నా చెవులు వెతికింది మాత్రం నా అడుగుల కోసమే.

ఆ సాయంత్రం గొడుగు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. బరువు మిషనెక్కితే మూడు కిలోలు పెరిగాయి. తొమ్మిది రోజులుగా అదుపు తప్పానన్నాను, నర్సమ్మ తిడుతుందనుకున్నాను. కాగితం మీద చుక్క పెట్టి, చుక్కలని గీతతో కలిపి, "తొమ్మిది రోజులు. సరే. ఇప్పుడు ఇక్కణ్ణుంచి ఇంటికి ఏ దారిన వెళ్తావు?" అని అడిగింది.

"దగ్గరి దారిన."

"చుట్టూ తిరిగి వెళ్ళు. అరగంట పడుతుంది. మళ్ళీ మొదలైపోయినట్టే."

నవ్వబోయి ఏడ్చేశాను. పాప అని పిలిచిన దగ్గర్నుంచి పళ్ళెం దాకా అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు విని, "మీ అక్క ఎలా పోయింది?" అని అడిగింది. కడుపులో జబ్బని, తెలిసేసరికి ఆలస్యమైందని చెప్పాను. అంతకుమించి నాకూ తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళు లేరు.

చుట్టూ తిరిగే ఇంటికి వెళ్ళాను. మర్నాడు నడిచాను, ఆ మర్నాడూ నడిచాను. పళ్ళెం ముట్టుకోలేదు. నాన్న నా వైపు ఒకసారి చూసి, సాయంత్రం తనే తీసేశాడు. మూడు కిలోలు దిగడానికి ఐదు వారాలు పట్టింది. ఆ తర్వాత ఇంకా రెండు దిగాయి.

ఆ రెండు దిగాకే అమ్మ సంతోషం ఇంకిపోయింది.

మొదట నా మణికట్టు పట్టుకుని చూసేది. తర్వాత నేను నిలబడి ఉంటే వెనకనుంచి వచ్చి నా గౌను నడుము దగ్గర చేత్తో పట్టి లాగి, ఎంత వదులైందో చూసేది. కూనిరాగాలు ఆగిపోయాయి. ఒకరోజు నేను కొత్త బట్టకి సైడ్లు పట్టుకుంటుంటే వచ్చి చప్పున మిషను చక్రం మీద చెయ్యి వేసింది. సూది సగంలో ఆగింది.

"చాలు పాపా. ఇంక పట్టొద్దు."

మబ్బు పట్టి కొట్లో మధ్యాహ్నమే చీకటిగా ఉంది.

"అందరూ బాగున్నావన్నారు. సన్నబడ్డావు, రంగు తేలావు అన్నారు. నేనూ అన్నాను. నీ బట్టలకి సైడ్లు నేనే పట్టాను కదే, నవ్వుకుంటూ పట్టాను. నెలనెలా పట్టాను. ఒంట్లో ఏమైనా బాగాలేదా అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగానా?" చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు. "ఈసారి అడుగుతున్నా. చెప్పు. ఇది ఎక్కడ ఆగుతుందే?"

నాన్న తన బల్ల దగ్గరనుంచి లేచి నిలబడ్డాడు.

అక్కలా జవాబు చెప్పొచ్చు. నీ తప్పేం లేదమ్మా అంటే ఆమె మనసు కుదుటపడేదేమో. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంటే ఇక ఎప్పటికీ అక్కగానే ఉండిపోవాలి. పైనున్న బుల్లి ఇక లేవదు.

"అమ్మా, నేను బుల్లిని," అన్నాను. "ఎక్కడ ఆగుతుందో నాతో వచ్చి చూడు."

గొడుగు కింద ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఆసుపత్రికి నడిచాం. అమ్మ దారిపొడుగునా నన్ను పాప అనీ అనలేదు, బుల్లి అనీ అనలేదు. నర్సమ్మ నన్ను మిషనెక్కించి, చుక్క పెట్టి, కాగితం అమ్మ ముందు పరిచింది.

"ఇది చలికాలంలో మొదలైందమ్మా. ఇలా నెమ్మదిగా దిగుతూ వచ్చింది. ఇదిగో, పోయిన రెండు వారాలు కదల్లేదు. ఇక్కడే నిలబెట్టమని చెప్పాను."

అమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, గీత వెంట వేలు పోనిచ్చింది. దిగుతూ దిగుతూ ఒకచోట వేలు ఆగింది. అక్కడ గీత బొడిపె కట్టినట్టు పైకి లేచింది.

"ఇదేంటి?"

"నువ్వు పైగదిలో పెట్టిన పళ్ళెం నేను తిన్న రోజులు," అన్నాను.

"నువ్వా తిన్నది?"

"నేనే."

అమ్మ ఆ బొడిపె మీద వేలు ముందుకీ వెనక్కీ జరిపింది. బయట ఎవరో పిల్లాడికి సూది వేసినట్టున్నారు, ఏడుపు వినిపిస్తోంది.

"దానికి ఎంత పెట్టినా ఇలా పైకి రాలేదు," అంది చివరికి. "ఆఖర్లో దొంగచాటుగా నెయ్యి కూడా కలిపి పెట్టాను. ఒక్కరోజు కూడా పైకి రాలేదు."

ఎవరికీ చెప్పినట్టు లేదు ఆ మాట. కాగితం మడిచి, ఇది నేను తీసుకెళ్ళనా అని నర్సమ్మని అడిగింది. నర్సమ్మ ఇంకో కాగితం మీద గీత మళ్ళీ గీసుకుని అది ఇచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం పైకి వెళ్ళాను. స్టూలు మీద ఏమీ లేదు. తీసేశావా అని నాన్నని అడిగితే, అమ్మ అసలు పెట్టలేదన్నాడు. వారంలో ఒకటి రెండుసార్లు అమ్మ వంటింట్లో తల పక్కకి వంచి మెట్ల వైపు వినేది. అప్పుడు నేనెక్కడ ఉన్నా ఏదో ఒకటి గట్టిగా మాట్లాడేదాన్ని.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఉదయం జనాభా లెక్కలవాడు వచ్చాడు. కొట్టు గుమ్మంలో కూర్చుని, కాగితాలు మోకాలి మీద పెట్టుకుని, ఇంట్లో ఎంతమంది అని అడిగాడు. నాన్న చేతిలో పని ఆపాడు. నేను అమ్మ వైపు చూడలేదు. చూస్తే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

"ముగ్గురం," అంది అమ్మ. సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టింది. "నేను, మా ఆయన, మా చిన్నమ్మాయి. పెద్దది పోయింది. పద్నాలుగేళ్ళయింది."

"పోయినవాళ్ళ వివరాలు అక్కర్లేదమ్మా."

"రాసుకోకు నాయనా. చెప్తున్నానంతే."

పోయింది అన్న మాట అమ్మ నోట నేను వినడం అదే మొదటిసారి. నాన్న భూతద్దం తీసి కళ్ళు తుడుచుకున్నాడు. లెక్కలవాడు మూడు అంకె వేసి, తలుపు చెక్క మీద సుద్దతో గుర్తు పెట్టి పక్కింటికి వెళ్ళిపోయాడు.

వానలు తగ్గాక నడక పొద్దుటికి మార్చుకున్నాను, ఆ వేళ అయింది. ఆ రోజు తెల్లారి డెబ్బై ఒక్క కిలోలు ఉన్నాను. నెల రోజులుగా అంతే ఉన్నాను. చెప్పులు వేసుకుంటుంటే అమ్మ పిలిచింది.

"ఒక్క నిమిషం ఉండవే బుల్లీ. వెలుగులోకి రా."

గుమ్మంలో ఎండ పడుతున్నచోట నన్ను నిలబెట్టింది. గడ్డం కింద వేళ్ళు ఆనించి మొహం పైకెత్తింది.

"దాని మొహమే వచ్చింది నీకు. అచ్చం అదే."

"తెలుసమ్మా."

"భయం వేస్తుందా నీకు?"

"వేస్తుంది. అద్దంలో చూసుకున్నప్పుడు."

"నాకూనూ," అంది.

వేళ్ళు తియ్యలేదు. ఒకసారి నన్ను చూసింది, ఒకసారి దాన్ని చూసింది. ఎప్పుడు ఎవరిని చూస్తోందో నాకు తెలుస్తూనే ఉంది. కదలకుండా నిలబడి చూడనిచ్చాను. వీధిలో పోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్తున్నారు.

చాలాసేపటికి చెయ్యి దించింది.

"వెళ్ళు మరి, ఎండెక్కుతోంది," అంది. "తిన్నగా ఇంటికి వచ్చెయ్."